సుక్క లేని క్రిస్మస్

నిన్న కొరియర్‌లో వచ్చిన క్రిస్మస్ నక్షత్రం అట్టపెట్టె విప్పగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఫోన్‌లో చూసి మా పాప పట్టుబట్టి తెప్పించుకుంది. ఇప్పుడు క్రిస్మస్ చెట్టు కూడా కావాలంటోంది.

శ్రీకూర్మం దగ్గర మా ఊళ్లో, ఏడేళ్లప్పుడు, నేనూ అలాంటి నక్షత్రం కోసమే ఏడ్చాను. మా చర్చికి వచ్చే వాళ్లందరూ కొనుక్కున్నారు. అమ్మ మాత్రం కొననంది.

"సుక్క లేకపోతే యేసుబాబుకి మనిల్లు ఎలా తెలుస్తాదమ్మా?" అన్నాను వెక్కుతూ.

అమ్మ పొయ్యి దగ్గర పండక్కి చేసే గులాబీ పువ్వుల పిండివంట నూనెలో వేయిస్తోంది. ఇల్లంతా యాలకుల వాసన.

"అంగడోడి సుక్క సూసి దేవుడొస్తాడేటే? ఆయనకి దారి తెలీకపోతే మనమే ఎల్దాం, రా," అంది.

డబ్బా నిండా ఆ పువ్వులు, తన పాత చీర చింపి కుట్టిన మెత్తటి గుడ్డలు పట్టుకుని, చేపలమ్మే పైడమ్మత్త ఇంటికి నన్ను తీసుకెళ్లింది. అత్త కోడలికి అంతకు మూడు రోజుల ముందే కొడుకు పుట్టాడు. అమ్మ వాణ్ణి ఆ గుడ్డల్లో చుట్టింది. వలల పక్కన, ఉప్పుచేపల వాసనలో, వాడు ఎర్రగా ముడుచుకుని పడుకున్నాడు.

నేను అమ్మ కొంగు పట్టి లాగాను.

"అమ్మా, యేసుబాబు ఈళ్లింటికొచ్చేసాడే!"

పైడమ్మత్త పగలబడి నవ్వింది. "రాయే, నీ దేవుణ్ణి ఎత్తుకో," అంటూ వాణ్ణి నా ఒళ్లో పెట్టింది.

అమ్మ నన్ను సరిదిద్దలేదు. వాడు నడక నేర్చి నా పలక పగలగొట్టేదాకా యేసుబాబేనని నమ్మాను.

పాపకి చెట్టు వద్దని చెప్పడం నాకూ చేతనవును. చెప్పాక దాని చెయ్యి పట్టుకుని ఎవరింటికి తీసుకెళ్లాలో, ఇన్నేళ్లుగా ఉంటున్న ఈ అపార్ట్‌మెంట్‌లో నాకింకా తెలియదు.