సుబ్బరత్నానికి సున్నా

గుణదల సాంబమూర్తి మాస్టారు ఇరవై ఆరేళ్లుగా విజయవాడ కోచింగ్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నారు. పోలిక వాక్యాలు నేర్పేటప్పుడు పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చరు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ర్యాంకులేసి ఆ పని కాలేజీ ఎలాగూ చేస్తోంది, మళ్లీ నేనెందుకు అంటారు. అందుకని ఉదాహరణలన్నీ సొంత ఇంట్లోవే. సుబ్బరత్నం సాంబమూర్తి కంటే వేగంగా నడుస్తుంది. సాంబమూర్తి వంట సుబ్బరత్నం వంటంత బాగుండదు.

సుబ్బరత్నం ఆయన భార్య. "కాలేజీ మొత్తానికీ మీ వంట సంగతి తెలిసిపోయిందండీ," అని నోట్సు చూసి నవ్వేది.

ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. ఒంటరితనం ఆయన్ని లోపల్నుంచి తినేస్తోంది. పాఠం చెబుతారు, ఇంటికి వెళ్తారు, అంతే.

ఈ వారం స్లిప్ టెస్టులో సొంతంగా ఒక పోలిక వాక్యం రాయమన్నారు. మన కోచింగ్ పిల్లలకు సొంతంగా అంటే నోట్సులోది కామా పోకుండా అప్పజెప్పడం. మాస్టారి దగ్గర బట్టీకి సున్నా, ఇన్నేళ్లలో ఎవరికీ మినహాయింపు లేదు.

స్టాఫ్ రూములో పేపర్లు తీశారు. మొదటి పేపర్లో సుబ్బరత్నం వేగంగా నడుస్తోంది. రెండోదాంట్లోనూ, మూడోదాంట్లోనూ అంతే. ఇంట్లో ఆ పేరు పలికేవాళ్లే లేరు, ఇక్కడ నలభై మంది రాశారు. ఆ పేరు పక్కన సున్నా వేయడానికి చెయ్యి రాలేదు. మార్కులేసేస్తే వచ్చే ఏడూ ఇదే రాస్తారు కదా అని ఆశ పుట్టింది. ఆ వెంటనే సిగ్గేసింది.

చివరి పేపరు ధనశ్రీది. రెండేళ్లుగా వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల. అదొక్కతే సొంతంగా రాసింది: మా సార్ పోయినేడాది కంటే తక్కువ మాట్లాడుతున్నారు.

మాస్టారికి కళ్లు మసకబారాయి. ఎనిమిది నెలల్లో ఎవరైనా గమనించారనుకోలేదు. ధనశ్రీకి పూర్తి మార్కులు వేసి, మిగతా నలభైకీ సున్నాలు వేశారు. సుబ్బరత్నం పేరు మీద మాత్రం ఎర్ర గీత పడనివ్వలేదు.

మర్నాడు పేపరు తీసుకుంటూ ధనశ్రీ మెల్లగా అడిగింది. "సుబ్బరత్నం గారంటే నిజంగా మనిషేనా సార్? నోట్సు కోసం పెట్టిన పేరనుకున్నామండీ."

"మా ఆవిడమ్మా," అన్నారు మాస్టారు. "కూర్చో, చెబుతాను."