బిలియర్డ్స్ బల్ల మీద మినుములు

తమిళనాడులో విరుదునగర్ దాటేసరికి మా పటాలం లారీల చక్రాలు సగం నీళ్లలో ఉన్నాయి. వరద డ్యూటీ. తుపాకులు లేవు. రెండు రబ్బరు పడవలు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఒక జనరేటర్. మా ఊరు పుదూరు పక్కనే కనుక దారి చూపే పని నాకు పడింది. నల్లరేగడి బూటుకు పట్టిందంటే వదలదని నాకు తెలుసు. కెప్టెన్ గారికి తెలియదు. రెండుసార్లు జారిపడ్డారు, రెండుసార్లూ నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

మకాం కోవిల్‌పట్టిలో ఒక పాత క్లబ్బు. మెరక మీద ఉంది. నూలు మిల్లు ఇంగ్లీషు దొరలు తమకోసం కట్టుకున్నారు. వాళ్ల కాలంలో మనవాళ్లు లోపలికి వెళ్లాలంటే చేతిలో ట్రే ఉండాలి. తర్వాత పత్తి వ్యాపారుల చేతికి వచ్చింది. నేను హాల్లో తల పైకెత్తాను, టోపీ వెనక్కి పడిపోయింది. అంత ఎత్తున బర్మా టేకు దూలాలు. గోడలకు సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి మెరుగు పెట్టారట, చెయ్యి ఆనిస్తే జివ్వుమంది. ఊరంతా కారుతోంది. ఆ కప్పు నుంచి ఒక్క చుక్క లేదు. గుళ్లో తప్ప నేను ఎక్కడా అలా తలెత్తి నిలబడిపోలేదు.

క్లబ్బు సెక్రటరీ డెబ్బై దాటిన మనిషి. ఇంట్లో మాట్లాడేది మా తెలుగే. ఇక్కడ సభ్యత్వం దొరికిన మొదటి మనవాడు ఆయన తాతగారు. దొరల నియమాల్లో ఒకటి ఆయన ఇంకా కాపాడుతున్నారు.

"వరండాలో ఎంతమందైనా ఉండనీ తమ్ముడా. హాల్లోకి మాత్రం ఆడోళ్లు వద్దు."

మధ్యాహ్నం మా రేడియో పలికింది, పడవల్లో వెళ్లిన మావాళ్లు.

"ఎట్టయాపురం వైపు చెరువు తెగింది. జనాన్ని తెస్తున్నాం. మూటలు వదిలి రామంటున్నారు."

"ఏముంది మూటల్లో?" అన్నాడు మా హవల్దార్.

"మినుములు."

అవి తిండికి కాదు, విత్తనం. వేసిన పైరు మునిగింది కనుక మళ్లీ విత్తడానికి మిగిలింది అదే. వానను నమ్ముకున్న నేల మాది. ఆ విత్తనమూ పాడైతే ఊరికి ఈ ఏడు పంట లేదు. మూటలు వచ్చేసరికి అడుగున చెమ్మ పట్టింది. వెంటనే ఆరబోయాలి. వరండాలో జల్లు కొడుతోంది.

సెక్రటరీ గారు చిటికెడు గింజలు చేతిలోకి తీసుకోబోయారు. మూట మీద కూర్చున్న ముసలావిడ ఆయన చేతిని పక్కకు నెట్టింది.

"మొగోళ్ల చెయ్యి విత్తనం మీద పడకూడదు నాయనా. పరిచేదీ మేమే, తిప్పేదీ మేమే. మా అత్త కాలం నుంచి అదే పళక్కం, అదే ఆచారం."

"లోపల బిలియర్డ్స్ బల్ల ఉండాది. దాని మీద పొయ్యొచ్చు. కానీ ఆడోళ్లు రాకూడదమ్మా. ఇక్కడ అదీ పళక్కమే."

"సరి. అట్లైతే ఇక్కడే కుళ్లనీ."

"ఏమంటున్నారు?" అని కెప్టెన్ నన్ను అడిగారు.

"రెండు రెజిమెంట్లు సార్. రెండూ వెనక్కి తగ్గవు."

సెక్రటరీ గారు వంగి మూట అడుగున చెమ్మను చూశారు. తర్వాత లోపలికి వెళ్లి, బల్ల మీది తెల్లదుప్పటిని తనే మడిచారు. హాలు తలుపులు రెండు రెక్కలూ బార్లా తెరిచారు.

"రాండమ్మా."

ఆడవాళ్లు కాళ్లు కడుక్కుని వచ్చారు. ముసలావిడ దూలాలను చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఎంత పెద్ద ఇల్లు సామీ! మొగోళ్లు మాత్రం కూచోని ఇంత చోటులో ఏమి చేస్తా ఉండిరి?"

మా జనరేటర్‌తో ఫ్యాన్లు తిరిగాయి. ఆకుపచ్చ గుడ్డ మీద నల్లటి గింజలు. చుట్టూ చేతులు, గాజుల చప్పుడు. ఆ భవనం దీనికోసమే కట్టారేమో అనిపించింది నాకు.

వాన తగ్గింది, మమ్మల్ని వెనక్కి పిలిచారు. విత్తనం మొలిచిందని మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేను సర్వీసు ముగించుకుని ఇంటికి వచ్చేశాను. మంచు కొండలు చూశాను, ఎడారి చూశాను. అవన్నీ ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఒక్కటి మాత్రం కలవలేదు.

మినుములు పరిచిన మర్నాడు పొద్దున ఆడవాళ్లు గింజలు తిప్పుతున్నారు. సెక్రటరీ గారు గుమ్మం బయట ఆగి చెప్పులు విడిచారు.

"అమ్మా, నేను లోపలికి రావచ్చునా?"

ముసలావిడ తల ఎత్తలేదు.

"కాళ్లు కడుక్కోని రా నాయనా. దేన్నీ ముట్టొద్దు."

ఆయన కాళ్లు కడుక్కుని వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని, తన క్లబ్బులో ఒక మూల నిలబడ్డారు.