డస్టర్‌కి రెండు లెక్కలు

మా ఫిజిక్స్ సారు పోయారని మొన్న క్లాసు వాట్సాప్ గ్రూపులో చూశాను. జగిత్యాలలో, గుండెపోటు. అందరూ దండాల బొమ్మలు పెట్టారు. నేను మాత్రం ఏమీ పెట్టలేకపోయాను. ఎందుకో చెప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

రియాద్‌లో మా అమ్మ నర్సు. నేను చదివిన ఇండియన్ స్కూల్లో పదకొండో తరగతికి ఆయన చెప్పేవారు. ఏ లెక్కయినా రెండు పద్ధతుల్లో చేస్తే తప్ప మార్కు వేసేవారు కాదు. మేం లోపల తిట్టుకునేవాళ్ళం. ఒకసారి డస్టర్ ఎగరేసి పట్టుకుని, అది పోయిన దారిని బోర్డు మీద రెండు రకాలుగా లెక్క కట్టారు. మొదటి లెక్కలో భూమి దాన్ని క్షణక్షణం లాగుతుంది. రెండోదాంట్లో లాగుడు మాటే లేదు. మొదలూ చివరా పెట్టుకుని, మధ్యలో పోగల దారులన్నిట్లో వేగానికీ ఎత్తుకీ సంబంధించిన ఒక మొత్తం అతి తక్కువయ్యే దారిని వెతుకుతాం. వచ్చిన గీత మాత్రం ఒక్కటే.

"మరి ఏది నిజం సార్?" అన్నాను.

"రెండూ మనం చెప్పుకునే మాటలే బిడ్డా. డస్టర్‌కు ఏదీ తెల్వది."

ఇకామాలో, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులో, ఆయన కార్పెంటర్. ఆ వీసా మీద వచ్చి, చదువు చెప్పుకుంటూ పదకొండేళ్ళు నెట్టుకొచ్చారు. కంపెనీల్లో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలనే నితాకత్ రూలు వచ్చాక తనిఖీలు ఎక్కువయ్యాయి. తనిఖీవాళ్ళొస్తే సారు కార్పెంటర్‌లా కనపడేట్టు స్క్రూడ్రైవర్ పట్టుకుని ల్యాబు బల్ల కింద దూరాలని ఆఫీసువాళ్ళ ఏర్పాటు. ఆ సంగతి పిల్లలకెవరూ చెప్పలేదు.

ఒకరోజు తనిఖీకొచ్చిన అధికారి బల్ల కిందున్న మనిషిని చూపించి, ఎవరని నన్నే అడిగాడు. మా ఫిజిక్స్ సార్ అని గొప్పగా చెప్పాను.

సారు బయటికొచ్చి మోకాళ్ళు దులుపుకుని, "కరెక్టే చెప్పినవ్," అన్నారు. వారం తిరక్కుండా ఇక తిరిగి రావద్దని ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టి ఇండియా పంపేశారు.

డస్టర్ దగ్గర కలిసిన రెండు లెక్కలూ మనిషి దగ్గర కలవలేదు. కాగితాల్లో లేని టీచరుకి స్కూలు అనుభవ పత్రం ఇవ్వలేదు. అది లేదని ఊళ్ళో ఏ బడీ తీసుకోలేదు. పోనీ అంటే కార్పెంటర్ పని ఆయనకి రాదు. ఇవాళ్టికీ ఏ మాటనైనా రెండో వైపునుంచి చూసే అలవాటు ఆయన పెట్టిందే, అయినా సిగ్గుతో ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు.

నిన్న వాళ్ళావిడకి చేశాను. ఆ రోజు అధికారితో ఆ మాట అన్నది నేనేనని చెప్పేశాను.

"పదకొండేండ్లు సదువు చెప్పిండంటే ఈడ ఎవ్వలూ నమ్మలే అమ్మా."

"చెప్పారండీ. మాకే చెప్పారు."

"గా ముక్క ఒక కాయితం మీద రాసిస్తవా?"

రాసిస్తానన్నాను. ఇప్పుడది ఎవరికి చూపిస్తారో అడగలేకపోయాను.