రెండున్నర గంటల దుబాయి

ముప్పయ్యేళ్ళు పిల్లలకు భూగోళం చెప్పాను. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుందని ఎంతమంది చేత వల్లె వేయించానో లెక్కలేదు. అలాంటివాణ్ణి, మా ఆవిడ మొదటిసారి విమానం ఎక్కిన రోజున పప్పులో కాలేశాను.

దుబాయిలో ఉండే వాళ్ళ చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయితే, సాయంగా నెల్లాళ్ళు ఉండడానికి వెళ్ళింది. హైదరాబాదులో విమానం ఎక్కేముందు ఫోన్ చేసింది. టికెట్ కాపీ నా దగ్గరే ఉంది. బయలుదేరేది పది, చేరేది పన్నెండున్నర.

"రెండున్నర గంటలే అక్కా! శ్రీకాకుళంలో బస్సెక్కి విశాఖపట్నంలో దిగినంతసేపు," అన్నాను మా అక్కతో గొప్పగా.

మా అక్క అరసవల్లిలో మా ఇంట్లోనే ఉంటుంది. ఊరెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరారని తెలిసేదాకా ఇల్లు ఊడవదు, అన్నం ముట్టదు. ఇలాంటివంటే నాకు ఒళ్ళు మంట. పైగా ఆవిడకు షుగరు. పొద్దున్న మాత్ర వేసుకుని అలాగే కూర్చుంది. ఎంతసేపులే, రెండున్నర గంటలే కదా అని ఊరుకున్నాను.

పన్నెండున్నర అయింది. ఫోన్ రాలేదు. నేను చేస్తే స్విచాఫ్. ఒంటిగంటకీ అదే. టీవీ పెట్టాలంటే భయమేసింది. అక్క చేతులు వణకడం మొదలైంది. తినమని బతిమాలాను. వినకపోతే, "నువ్వు పస్తుంటే విమానం తొందరగా దిగుతుందా?" అని కసిరాను.

"నా మీద అరుస్తావేటిరా? పరీక్ష పేపర్లు దిద్దడానికి నువ్వు విజయనగరం ఎల్లినప్పుడల్లా నీ పెళ్ళాం ఇలాగే ఉండీది. సేరేనని ఒక్కసారైనా ఫోన్ సేసినావేటి? సాయంత్రం నువ్వొచ్చీవరకూ మెతుకు ముట్టీది కాదు."

నాకు తెలియదు. తను ఎప్పుడూ చెప్పలేదు. విజయనగరం పాటి దూరానికి ఫోనెందుకని నేను చేసేవాణ్ణి కాదు. సాయంత్రం వచ్చి కంచం ముందు కూర్చుంటే తనూ అప్పుడే వడ్డించుకునేది. నాతో కలిసి తినడం ఇష్టం కాబోలని మురిసిపోయేవాణ్ణి. తలెత్తి అక్క మొహం చూడలేకపోయాను.

అక్కే అడిగింది. "ఒరే, అక్కడ ఇప్పుడు టైమెంతయ్యుంటాది?"

నెత్తి కొట్టుకున్నాను. టికెట్ మీదున్న పన్నెండున్నర దుబాయి గడియారానిది. మనకంటే గంటన్నర వెనక. విమానం ఇంకా గాల్లోనే ఉంది, ఇక్కడ రెండయితే గాని దిగదు.

"నీ దగ్గర సదువుకున్న పిల్లలు ఏటైపోయారో పాపం," అని అక్క నవ్వింది.

చోడి అంబలి, అదే రాగి జావ, కలిపిచ్చాను. అంబలి తాగితే అన్నం తిన్నట్టు కాదని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం. "నువ్వూ తాగు," అంది. వద్దన్నాను. సంగతి తెలిశాక ఇక ఆగడంలో అర్థం లేదు. అయినా తినబుద్ధి కాలేదు.

రెండుంపావుకి ఫోన్ మోగింది.

"దిగేనండి. మీరు తిన్నారా?"

"లేదు. నువ్వు చేరేదాకా ఆగుదామని..."

ఎప్పటిలాగే అంది.

"నాకైతే అలవాటండి. మీరు ముందు తినండి."