ఆగిన ఇంజన్‌లో లేచిన గీత

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. నరసరావుపేటలో మా షెడ్డుకీ శ్మశానానికీ మధ్య ఒక్క గోడే అడ్డం. బడి మానేసి పానా పట్టుకున్న నాటి నుంచి ఆ గోడ పక్కనే పని చేస్తున్నాను. ఇన్నేళ్ళలో అటువైపు నుంచి ఒక్కడు కూడా లేచొచ్చి పంచర్ వేయమని అడగలేదు. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే, "బండి తీసుకురమ్మను, చూస్తా" అనేవాణ్ణి.

చివరికి ఒకావిడ నిజంగానే బండి తీసుకొచ్చింది.

ఆమె పేరు అంజమ్మ. గురజాల దగ్గర పల్లె. భర్త కోటయ్యకు డీజిల్ కారు ఉండేది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను ఇళ్ళ దగ్గర ఎక్కించుకుని, డయాలసిస్‌కి నరసరావుపేట తెచ్చి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళ దగ్గర దించేవాడు. ఎండాకాలంలో గుండె ఆగి పోయాడు. బండిలో కాదు, ఇంట్లో మంచం మీద. అతను బతికుండగానే ఆమెకు డ్రైవింగ్ నేర్పాడట. దినాలు అయ్యాక అంజమ్మే స్టీరింగ్ పట్టుకుంది. కోటయ్యను నేను ఎప్పుడూ చూడలేదు. అతని బండి పనులన్నీ గురజాలలోనే జరిగేవి. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

అంజమ్మ చేతికి వచ్చినప్పటి నుంచే బండికి కొత్త జబ్బు పట్టుకుంది. ఎత్తు ఎక్కేటప్పుడు గుంజుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. కాసేపు వదిలేసి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. గురజాలలో డీజిల్ ఫిల్టర్ మార్చి చూశారు, తగ్గలేదు.

ఆమెతోపాటు బావగారు కూడా దిగాడు. కోటయ్యకు అన్న, సుబ్బయ్య. ఆయన ముందే తేల్చుకుని వచ్చాడు. తమ్ముడు బండిని వదల్లేదు, అందుకే అది వేరేవాళ్ళ మాట వినడం లేదు, అమ్మేస్తేనే ఇంటికి మంచిది. బంపర్‌కి నిమ్మకాయల దండ, అద్దానికి నల్లతాడు, బానెట్ ఎత్తితే లోపల ఇంకో నాలుగు నిమ్మకాయలు.

"ఏంది బాబాయ్, ఇది కారా, షర్బత్ బండా?" అన్నాను.

"నవ్వులాట గాదు సాయిబూ. పేషెంట్లతో నడిరోడ్డు మీద ఆగితే ఎవుడు జవాబు చెప్తాడు? ఇంకొక్కసారి ఆగిందా, అమ్మేయడమే."

అంజమ్మ నవ్వలేదు. "అన్నా, బండి పోతే నేను మిరపకాయలు కోయను పోతా. అదేం నామోషీ కాదు. కానీ ఆ ముసలాళ్ళు నన్ను నమ్మి ఎక్కుతున్నారు. వాళ్ళకేం చెప్పను?"

జోకులు ఆపి బానెట్‌లోకి వంగాను.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. డీజిల్ కారులో ఒక పంపు డీజిల్‌ని చానా గట్టి ఒత్తిడితో ఒక ఇనుప గొట్టంలోకి తోస్తుంది. ఆ గొట్టం చివర బొటనవేలంత సెన్సర్ ఉంటుంది. లోపల ప్రెషర్ ఎంత ఉందో అది కంప్యూటర్‌కి చెబుతుంది. దాని మాట విని కంప్యూటర్ డీజిల్ పోయిస్తుంది. సెన్సర్ అబద్ధమాడితే ఇంజన్ ఆగుతుంది.

స్కానర్ తగిలించాను. స్క్రీన్ మీద ప్రెషర్ ఒక గీతలా నడుస్తుంది. ఇంజన్ తిరుగుతుండగా ఆ గీత ఉన్నట్టుండి కిందికి పడిపోతోంది. పడగానే ఇంజన్ దగ్గుతోంది. నిజంగా ప్రెషర్ పడుతోందా, సెన్సర్ అబద్ధం చెబుతోందా, అదే తేలాలి. వైర్లు పట్టుకుని కదిపి చూశాను. మీటర్‌తో కరెంట్ చూశాను, సరిగ్గా వస్తోంది. ఎక్కడా డీజిల్ లీకు లేదు. ఇంజన్ ఆపించి టీ తాగి వచ్చాను. అంతసేపు ఆగిన ఇంజన్‌లో ప్రెషర్ ఉండకూడదు. స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి చూస్తే, సెన్సర్ మాత్రం ఉందంటోంది. ఇంటికి తాళం వేసి ఉంటే లోపల పెళ్ళి జరుగుతోందని చెప్పే రకం.

"బాబాయ్, దయ్యం దొరికింది. ఇదిగో, ఇంతుంది," అని బొటనవేలు చూపించాను.

అప్పుడే ఇంకొకటి కూడా చూశాను. ఆ గీత ఉన్నచోటు నుంచి మూడుసార్లు లేచింది. రెండుసార్లు చిన్నగా, మూడోసారి పెద్దగా. తర్వాత మళ్ళీ మామూలే. ఎలాగూ చెడిపోయిన సెన్సర్, దాని పిచ్చి దానిది అనుకుని వదిలేశాను.

కొత్తది గుంటూరు నుంచి బస్సులో వేయించి తెప్పించాను. మర్నాడు ఉదయం వాళ్ళిద్దరూ వచ్చారు. బ్యాటరీ వైరు ఊడదీసి, సెన్సర్ చుట్టూ శుభ్రంగా తుడిచాను. ఆ గొట్టంలోకి దుమ్ము పోతే ఇంకో జబ్బు. గుడ్డ అడ్డం పెట్టి మెల్లగా మర తిప్పి పాతది తీశాను. కొత్తది చేత్తో ఎక్కించి, పానాతో ఎంత బిగించాలో అంతే బిగించాను. కంప్యూటర్‌లో పాత తప్పులు చెరిపేసి స్టార్ట్ చేశాను. గీత బుద్ధిగా నడిచింది.

పరీక్షకు కోటప్పకొండ ఘాట్ రోడ్డు ఎక్కించమన్నాను. అంజమ్మ స్టీరింగ్ దగ్గర, నేను పక్కన స్కానర్ ఒళ్ళో పెట్టుకుని, సుబ్బయ్య వెనక సీట్లో చేతులు కట్టుకుని. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన ముందుకు వంగేవాడు, ఎక్కడ ఆగుతుందా అని. ఆమె పిడికిళ్ళు స్టీరింగ్ మీద బిగిసి ఉన్నాయి. బండి ఒక్క దగ్గు కూడా దగ్గలేదు.

పైన ఆపాం. మంచి ఎండ. ఇంజన్ ఆపి, స్టార్ట్ చేయకుండా తాళం ఒక్కటే తిప్పమన్నాను. గీత సున్నా దగ్గర పడుకుని ఉంది.

"చూడు బాబాయ్, ఇప్పుడు నిజం చెప్తోంది," అన్నాను.

ఆ మాట నోట్లో ఉండగానే గీత లేచింది. చిన్నగా. మళ్ళీ చిన్నగా. తర్వాత పెద్దగా, కాసేపు అలాగే నిలబడి, సున్నాకి దిగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పంపును తిప్పేది ఇంజనే. ఇంజన్ ఆగితే పంపు ఆగుతుంది. ఎద్దు లేకుండా గానుగ తిరగదు కదా. పాత సెన్సర్ అబద్ధమాడిందంటే సరే. అప్పుడే డబ్బాలోంచి తీసిన కొత్తది అదే అబద్ధం, అదే లెక్కన ఎలా ఆడుతుంది?

"అదేంది సాయిబూ, గీత లేసింది?" వెనకనుంచి సుబ్బయ్య.

నేను తెల్లమొహం వేస్తే చాలు, ఆ బండి ఆ సాయంత్రమే బేరానికి పోతుంది. "కొత్తది గదా బాబాయ్. కొత్త కోడలు వంటింట్లో రెండు మూడుసార్లు గిన్నెలు పడేసుద్ది. అలవాటు పడాల," అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు. దిగి గుడివైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటూ ముందుకు నడిచాడు.

అంజమ్మ దిగలేదు. స్క్రీన్ వైపే చూస్తోంది. "అన్నా, ఇంకోసారి తిప్పనా?"

ఇంజన్ స్టార్ట్ చేసింది, ఆపింది, తాళం తిప్పింది. మళ్ళీ అంతే. రెండు చిన్నవి, ఒకటి పెద్దది.

"మా ఆయన ఇంటికాడ బండి ఆపేముందు ఇట్టనే ఎక్సలేటర్ తొక్కేవాడన్నా," అంది నెమ్మదిగా. "రెండుసార్లు చిన్నగా, ఒకసారి గట్టిగా. లారీల మీద చేసినప్పటి అలవాటంట. ఆ చప్పుడు ఇనపడితే నేను కంచంలో అన్నం పెట్టేదాన్ని."

నేను స్కానర్‌ని ఆమె వైపు తిప్పాను.

"దీనివల్ల బండికేమన్నా అవుద్దా? మళ్ళీ ఆగుద్దా?"

"ఏం కాదమ్మా. ఆగదు."

"అయితే దాని జోలికి పోమాక."

జోలికి పోకుండా ఉండటం నా వల్ల అయ్యే పనా? తర్వాత ఆ బండి సర్వీసుకు వచ్చినప్పుడు నాకు తెలిసిన పరీక్షలన్నీ చేశాను. ఆ సెన్సర్ తీసి అదే రకం ఇంకో కారుకి పెట్టాను. గీత సున్నా దగ్గర కదలకుండా పడుకుంది. తిరిగి అంజమ్మ బండికి పెట్టాను, మూడుసార్లు లేచింది. సత్తెనపల్లిలో ఉండే నా స్నేహితుణ్ణి అతని స్కానర్‌తో రమ్మన్నాను. "మనుషుల్ని ఏడిపించింది చాలక మిషన్లకు కూడా జోకులు నేర్పావా?" అంటూ వచ్చాడు. చూశాక టీ తాగి, వైరు చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఫోన్ చేస్తే ఆ సంగతి ఎత్తడు.

బండి మాత్రం అప్పటి నుంచి ఎక్కడా ఆగలేదు. సెన్సర్ చెడితే ఆగింది, మారిస్తే నడిచింది. అందులో దయ్యం పని ఏమీ లేదు. నిమ్మకాయలు ఎండి వాటంతట అవే రాలిపోయాయి. సుబ్బయ్య ఇప్పుడు షుగర్ మందులకు ఆ బండిలోనే పేటకు వస్తాడు, ముందు సీటు ఆయనదే. అమ్మే మాట పోయింది కాబట్టే ఇదంతా రాయడానికి ధైర్యం చేశాను.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. ఆగిన ఇంజన్‌లో ప్రెషర్ ఎక్కణ్ణుంచి వస్తుందంటే మాత్రం నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే మా షెడ్డుకు రండి, టీ నాది.

ఒకటి మాత్రం మారింది. ఏ బండికైనా పని కాగానే స్కానర్ వైరు లాగేసి చుట్టేస్తాను. అంజమ్మ బండికి మాత్రం ఆ గీత మూడోసారి లేచి, నిలబడి, కిందికి దిగేదాకా వైరు మీద చెయ్యి వేయను.