నార్ అనే మాటకు మూడో ఊరు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, ఫిబ్రవరిలో నన్ను ఖమ్మం నుంచి భద్రాచలానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. అడవి ఊళ్లలో కోయ పిల్లలకు బడులు నడిపే ఒక స్వచ్ఛంద సంస్థ ఒకటో తరగతి వాచకం వేయిస్తోంది. తెలుగు లిపిలో కోయ మాట, పక్కన బొమ్మ. నా హోదా భాషా సంపాదకుడు. జూన్‌లో పుస్తకం వస్తేనే ఆ బడుల్లో కోయ మాట్లాడే వాలంటీర్లను ఉంచుతామనీ, లేకుంటే పిల్లలను మణుగూరు వైపు తెలుగు హాస్టళ్లలో చేర్పిస్తామనీ నిధులిచ్చేవాళ్లు ముందే చెప్పారు. ఆ షరతు నాకు మొదటి రోజే తెలుసు.

పని పద్ధతి ఇది. ప్రతి మాటకూ ఒక చీటీ ఉంటుంది. దాని మీద మాట, అర్థం, చెప్పిన మనిషి, ఊరు రాస్తాం. మూడు ఊళ్లలో ఒకేలా వాడుకలో వినిపిస్తేనే నేను సంతకం చేస్తాను. సంతకం లేని మాట ప్రూఫులోకి పోదు. ఈ నియమం పెట్టింది నేనే, అది నాకు గొప్పగా కూడా ఉండేది.

మొదటి పాఠంలోనే ‘నార్’ వచ్చింది. కోయలో ఊరని అర్థం. లోపలి ఊళ్లు రెండింట్లో దొరికింది. మూడోది రోడ్డు పక్క ఊరు. అక్కడి ముసలాయన నవ్వి, “అవ్, మా తాతలు నార్ అనేటోళ్లు. ఇప్పుడు మేం గూడ ఊరనే అంటున్నం గద” అన్నాడు. తాతల మాట వాడుక కాదు కనుక చీటీ మీద ‘సాక్ష్యం చాలదు’ అని రాసి పక్కన పెట్టాను.

ఈలోగా ఆ మాట నన్ను పట్టుకుంది. తెలుగులో నారు అంటే మడిలో పోసే వరి మొలకలు. మా స్కూలు ఉర్దూ మాస్టారినడిగితే, అరబ్బీ నుంచి వచ్చిన నార్ అంటే నిప్పు, నరకంలోని నిప్పు కూడా అన్నారు. హిందీ పాటల్లో నార్ అంటే ఆడమనిషి, అది సంస్కృతం నారికి పొట్టి రూపం. వీటికి కోయ నార్‌తో చుట్టరికం ఉందనడానికి నాకు ఆధారం దొరకలేదు. ఒకే పేరున్న నలుగురు బస్టాండులో ఎదురుపడ్డట్టుంది వ్యవహారం. ఉపాధ్యాయుల కోసం దీని మీద రెండు పేజీల వివరణ రాశాను. కొట్టేసి మళ్లీ రాశాను. ఏప్రిల్ అందులోనే పోయింది.

మే నెలలో నర్సమ్మ వచ్చింది. లోపలి ఊరి బడిలో వాలంటీరు, కోయ మనిషి. రెండు బస్సులు మారి వచ్చింది. పుస్తకం ఎప్పుడొస్తుందని అడిగింది. ఒక్క మాటకు మూడో ఊరు దొరకాలన్నాను.

“ఆ ఒక్కటి తీసేసి అచ్చేయుండ్రి సారూ.”

మొదటి పాఠంలో ఊరే లేకుంటే ఎట్లా అన్నాను.

“అయితే అట్లనే ఉంచుండ్రి. తప్పుంటే నేను దిద్దుకుంట. పుస్తకమే లేకుంటే ఏం దిద్దాలె?”

తప్పుల పుస్తకం పిల్లల చేతికివ్వనని కటువుగానే చెప్పాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే బాపతు నేను. ఆమె నీళ్లు తాగి లేచింది.

మూడో ఊరు జూన్ చివర్లో దొరికింది, దమ్మపేట అవతల. అప్పటికే నర్సమ్మ బడితో సహా ఆ బడులన్నిటికీ తాళం పడింది. పిల్లలను హాస్టల్లో చేర్చారు. ఇద్దరు పారిపోయి ఇంటికొచ్చారనీ, మళ్లీ బడి గడప తొక్కలేదనీ తరవాత విన్నాను. వానల్లో పుస్తకం అచ్చయి వచ్చింది. పంచడానికి బడి లేదు, కట్టలు స్టోరులో పడ్డాయి. నా వివరణ పేజీలు ఎవరైనా చదివారో లేదో తెలియదు.

జనవరిలో ఒక ప్రతి తీసుకుని నర్సమ్మను వెతుక్కుంటూ పోయాను. మిరప చేలో కూలికి కాయలు ఏరుతోంది. చేతులు మండుతున్నాయేమో, పుస్తకాన్ని కొంగుతో పట్టుకుంది. ఎండలో నిలబడి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఒక్క తప్పు లేదు సారూ” అని పుస్తకం నా చేతికిచ్చి, సాలులోకి వెళ్లిపోయింది.

 ఆ తరవాత ఎనిమిదేళ్లు అదే పని చేసి రిటైరయ్యాను. మరే పుస్తకాన్నీ సాక్ష్యం కోసం ఆపలేదు, అనుమానమున్న మాట పక్కన చుక్క పెట్టి అచ్చుకిచ్చాను. కొన్ని తప్పులు అచ్చయ్యాయి, మలి ముద్రణలో దిద్దాం. నర్సమ్మ బడి మాత్రం మళ్లీ తెరవలేదు.