మునగాకు గోలీలు, మా పెద్దన్న

మొన్న కూరగాయలకని ఇక్కడ సూరత్‌లోనే గోడాదరా బజారుకు వెళ్తే, మందుల దుకాణం ముందు మునగాకు పొడి పొట్లాలు వరసగా వేలాడుతున్నాయి, బీపీ తగ్గుతుందని వాటి మీద గుజరాతీలో రాసి ఉంది. మన వయసువాళ్ళ ఇళ్ళలో బీపీ లేనిదెక్కడ కనుక, జనం కొంటున్నారు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడి, కూరగాయలు కొనకుండానే తిరిగి వచ్చేశాను.

నర్సుగా నా ఉద్యోగం చివరి సంవత్సరాల్లో, కరోనాకు కాస్త ముందు, సూరత్‌లో నేను పనిచేసే వైద్య కళాశాలలో మునగాకు సారం రక్తపోటును తగ్గిస్తుందా అని పరీక్షిస్తుండేవారు. కొత్తగా బీపీ బయటపడి, ఇంకా మాత్రలు మొదలుపెట్టని మగ్గం కార్మికుల్లో సగంమందికి సారం నింపిన గోలీలు, సగంమందికి అచ్చం అలాగే ఉండే ఉత్త గోలీలు ఇచ్చేవాళ్ళం. ఎవరికి ఏవి వెళ్తున్నాయో పెద్ద డాక్టరు బీరువాలో సీలు వేసిన కవరులో ఉండేది, వారంవారం బీపీ చూసే నాకూ తెలియదు. ఈ సంగతంతా అందరికీ చదివి వినిపించి సంతకాలు తీసుకున్నది నేనే, మా పెద్దన్నను చేర్పించిందీ నేనే. సిరిసిల్ల నుంచి వచ్చి ఏళ్ళ తరబడి పవర్‌లూమ్ నడిపిన మనిషి, నేను చదువుతుంటే సగంలోనే ఆపి, "నువ్వు చెప్తున్నవ్ గద చెల్లె, ఇంక చదువుడెందుకు" అని సంతకం పెట్టేశాడు.

తల బరువు తగ్గిందనేవాడు. నా పుస్తకంలోనూ అంకెలు కొద్దిగా దిగాయి, నేను లోలోపల మురిసిపోయాను.

అంతలో లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగాయి, పరీక్ష ఆగింది, నన్ను కరోనా వార్డుకు వేశారు. మిగిలిన గోలీలు వాడొద్దని, దగ్గరి డాక్టరును కలిసి మామూలు బీపీ మాత్రలు మొదలుపెట్టమని అందరికీ ఫోన్లు చేసే పని నాకే అప్పగించారు. అన్నకూ చేశాను.

"దవాఖానలన్నీ బందున్నయ్. నీ గోలీలు ఇంకా డబ్బెడున్నయ్, గవే మంచిగ పనిజేస్తున్నయ్" అన్నాడు.

రోజంతా ఆ ప్లాస్టిక్ సూటులో ఉడికి వచ్చిన నేను, వాదించే ఓపిక లేక, సరే తర్వాత చూద్దాంలే అన్నాను. మిగతావాళ్ళకు రెండోసారీ మూడోసారీ చేసి అడిగాను. సొంత అన్నే కదా అని తనకు చేయలేదు.

మూడు వారాలకు ఒక పొద్దున స్నానానికని లేచి గడప దగ్గరే కూలిపోయాడు. వదిన ఫోను చేసినప్పుడు నేను వార్డులో ఉన్నాను, ఫోను బయట అల్మరాలో ఉంది. అంబులెన్సులన్నీ కరోనాకే తిరుగుతున్నాయి, రెండుచోట్ల కరోనా రిపోర్టు లేనిదే చేర్చుకోం అన్నారు, మూడోచోట మంచం దొరికేసరికి సాయంత్రమైంది. మెదడులో నరం చిట్లిందన్నారు. నాలుగో రోజు పోయాడు. శ్మశానానికి నలుగురమే వెళ్ళాం.

మరుసటి ఏడు పరీక్షను మూసేస్తూ కవరు విప్పారు. అన్నవి ఉత్త గోలీలు. సారం పనిచేస్తుందో లేదో తేల్చడానికి మిగిలినవాళ్ళు చాలరని రాసి ఫైలు కట్టేశారు. దాచుకోలేక వదినకు చెప్పాను.

"ఆయన గోలీల్ని నమ్మలే. నిన్ను నమ్మిండు" అని మాత్రం అని, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా బస్తీలో ఎవరికైనా బీపీ చూస్తే, ఏం మందు, ఎందుకు, ఎన్నాళ్ళు అని వంద అడుగుతారు, ఫోనులో చూసి నన్నే సరిదిద్దుతారు. మన రోజుల్లో నర్సమ్మ చెప్తే చాలు, మారుమాట లేకుండా చేయి చాపేవాళ్ళు. ఆ కాలం పోయిందని నా తోటివాళ్ళు నొచ్చుకుంటారు, నాకూ నొప్పిగానే ఉంటుంది. కానీ ఇవాళ్టికీ ఎవరైనా ఏమీ అడగకుండా చేయి చాపితే, నాకు భయమేస్తుంది.